ఆగిన నిమిషాలు

నేను ఏం పని చేస్తానో మా వైపు సరిగ్గా తెలిసినవాడు మా బావ ఒక్కడే. మిగతావాళ్ళకి నేను కంప్యూటర్ మీద ఏదో చేసేవాణ్ణి. కాశీబుగ్గలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, బెంగళూరులో ఉన్న కంపెనీకి ఇక్కడి నుంచే పనిచేస్తాను. బస్టాండులో తెలిసినవాళ్ళు ఎవరైనా ఎదురుపడి "ఏటి సేత్తన్నావిప్పుడు?" అని అడిగితే, సాఫ్ట్‌వేర్ అని చెప్పి తప్పుకుంటాను. వాళ్ళూ అంతకుమించి అడగరు.

బావ మాత్రం ఊరుకునే రకం కాదు. ఆయన మా అక్క భర్త. మందస దాటాక సముద్రం వైపు వాళ్ళకి జీడితోట, కొంచెం కొబ్బరి ఉన్నాయి. ఏ పనైనా మొదటి నుంచి చివరిదాకా విడమరిచి చెబితేగాని ఆయనకి తృప్తి ఉండదు. ఒకరోజు అక్క పెట్టిన ఉలవచారు అన్నం తిని, వాళ్ళ అరుగు మీద కూర్చుని, నా పని ఏమిటో మొత్తం చెప్పాను.

అంతరిక్ష నౌకకి రెండు తలుపుల గది ఒకటి ఉంటుంది, ఎయిర్‌లాక్ అంటారు. లోపలి తలుపు నౌకలోకి, బయటి తలుపు శూన్యంలోకి. రెండూ ఒకేసారి తెరుచుకోకూడదు. నౌక బయట మరమ్మతు చేయడానికి వెళ్ళే మనిషి ముందు మాస్కు పెట్టుకుని, కొంతసేపు ఉట్టి ఆక్సిజన్ పీలుస్తూ కూర్చోవాలి. మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కూడా ఉంటుంది. బయటికి వేసుకెళ్ళే సూటులో గాలి ఒత్తిడి తక్కువ. గోళీసోడా కొట్టగానే బుడగలు లేచినట్టు, ఒత్తిడి తగ్గగానే ఆ నైట్రోజన్ నెత్తుట్లో బుడగలు కడుతుంది. కీళ్ళు పట్టేస్తాయి, ముదిరితే ప్రాణం పోతుంది. అందుకని ముందే ఆక్సిజన్ పీల్చి నైట్రోజన్‌ని ఒంట్లోంచి పంపించేస్తారు. ఎన్ని నిమిషాలు పీల్చాలో నిర్ణయం ఉంటుంది. ఆ నిమిషాలు పూర్తయ్యాయి, ఇక గదిలో ఒత్తిడి తగ్గించవచ్చు అని చెప్పే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క నాది. అది ఇంకా పైకి ఎగరలేదు. బెంగళూరులో ఒక బల్ల మీద, వైర్ల మధ్య, ఉత్తుత్తి మాస్కుతో పరీక్షలు జరుగుతున్నాయి.

"అంటే పైన ఇంటికి సావిడన్నమాట," అన్నాడు బావ. "సావిడిలో కూకోబెట్టి, మంచి గాలి పట్టించి, అప్పుడు బయటికి తోల్తారు."

"అంతే."

"మజ్జిలో మాస్కు ఊడిపోతే?"

"అలారం మోగుతుంది."

"మోగితే?"

"మళ్ళీ పెట్టుకుంటాడు బావా."

"అప్పుడు?"

అప్పుడేముంది, పీల్చుకుంటూ కూర్చుంటాడు అన్నాను. ఆ ప్రాజెక్టులో జీతం తీసుకునే వాళ్ళెవరూ అడగని ప్రశ్న ఆయన ఆ పూట అరుగు మీద అడిగాడు. దానికి నేను చెప్పింది జవాబే కాదని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. పెళ్ళి భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు పిల్లల చదువులు అడిగినట్టే నెత్తుట్లో క్రియాటినిన్ ఎంతుంది అని అడుగుతారు. నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, మా నెత్తురు ఎన్నిసార్లు పట్టుకెళ్ళారో లెక్కలేదు. ఎందుకొస్తోందో ఇదమిత్థంగా చెప్పినవాళ్ళు లేరు. బావకి వచ్చినప్పుడు కూడా ఇంట్లో పెద్దగా ఏడుపులేమీ లేవు. అక్క మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, నాలుగో రోజు లేచి ఒక లీటరు సీసా కడిగి పెట్టింది. రోజుకి ఆయన తాగే నీళ్ళు, టీ, మజ్జిగ అన్నీ ఆ సీసాకి లోబడాలి. కొబ్బరిచెట్టెక్కి బోండాలు దింపుకుని గటగటా తాగిన మనిషికి అది శిక్షే.

డయాలసిస్ వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర. మధ్యాహ్నం పన్నెండున్నరకి మంచమెక్కితే నాలుగు గంటలు. బావ ఊరి నుంచి పొద్దుటి బస్సులో దిగేవాడు. నేను బండి మీద కేంద్రానికి తీసుకెళ్ళి, అయ్యాక మళ్ళీ బస్సెక్కించేవాణ్ణి. నాలుగు గంటలూ అక్కడే కూర్చునేవాణ్ణి కూడా. బామ్మర్ది అంటే ఇలా ఉండాలని చుట్టాలు మెచ్చుకునేవారు. నిజం చెప్పాలంటే ఆ కేంద్రంలో జనరేటర్ ఉంది. మా మేడ మీద మధ్యాహ్నం కరెంటు పోతే పోయినట్టే. అద్దం తలుపు ఇవతల, వరండాలో ఒక మూల కుర్చీ, దాని పక్కన ప్లగ్గు చూసుకుని నా ఆఫీసు అక్కడ పెట్టాను. బావని చూసుకోవడానికి కూడా వెళ్ళేవాణ్ణి, కాదనను.

అద్దంలోంచి లోపలి మంచాలన్నీ కనబడతాయి. ప్రతి మంచం పక్కనా ఒక మిషను. చేతిలోంచి నెత్తురు గొట్టంలోకి వస్తుంది, మిషనులో శుభ్రపడి ఇంకో గొట్టంలోంచి వెనక్కి వెళుతుంది. చేయి వంచితే గొట్టం మడతపడి పంపు ఆగుతుంది. గొట్టంలో గాలి బుడగ కనబడినా ఆగుతుంది. ఆగినప్పుడల్లా అలారం మోగుతుంది. టెక్నీషియన్ అమ్మాయి వచ్చి చేయి సరిచేసి, మీట నొక్కి వెళుతుంది. కోటబొమ్మాళి నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి, ఓపికస్తురాలు. బావ నిద్రలో చేయి వంచే మనిషి. ఆ గదిలో అందరికంటే ఎక్కువసార్లు మోగేది ఆయన మిషనే. అలా రెండు నిమిషాలు ఒకసారి, అయిదు నిమిషాలు ఒకసారి ఆగేది.

మంచాలకి ఎదురుగా గోడ మీద పెద్ద గడియారం ఉంది. లోపల పడుకున్నవాళ్ళందరి చూపూ దాని మీదే. మా వైపు టైము అంటే బస్సు. సోంపేట వాళ్ళకి ఒక బస్సు, మందస వాళ్ళకి ఒక బస్సు, తీరం ఊళ్ళ వాళ్ళకి ఇంకొకటి. ఎవరి బస్సు టైముని బట్టి వాళ్ళు గోడ గడియారం చూసి, వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుని, మంచం దిగడానికి తయారయ్యేవారు. మా బావది నాలుగూ నలభై బస్సు. అది తప్పితే మళ్ళీ గంటన్నర దాకా లేదు.

ఆయన తొందరకి ఒక కారణం ఉంది. అది జీడి రాలే కాలం. పండిన జీడిమామిడి వాసనకి ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి. చీకటి పడే వేళకి తోటలో ఒంటరి మనిషి ఉండకూడదని మా వైపు అందరికీ తెలుసు. అక్క ఒక్కతే జీడిపిక్కలు ఏరుతుంటుంది, ఆమెకి టైము తెలియదు. బావ బస్సు దిగి తిన్నగా తోటకి వెళ్ళి, ఆమెని పిలుచుకుని ఇంటికి రావాలి.

మొదటిసారి గొడవ పడినప్పుడు నేను లోపలికి వెళ్ళి నిలబడ్డాను.

"అమ్మా, నాలుగ్గంటలూ అయిపోనాయి. తీసీ," అంటున్నాడు బావ.

"ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది బాబాయ్," అంది ఆ అమ్మాయి, మిషను తెర చూపించి.

"గోడ మీద సూడు. పన్నెండున్నరకి ఎక్కించినావు. నాలుగున్నర అయిపోనాది. నీ మిషను నిదరోతంది."

నేను గోడ గడియారం చూశాను. బావ చెప్పింది సరిగ్గానే ఉంది. నాకు అయిదింటికి బెంగళూరుతో మీటింగ్ ఉంది. "నాలుగు గంటలు అయ్యాయి కదమ్మా, పది ఇరవై నిమిషాలకి ఏమవుతుంది," అన్నాను.

"మీరు చదువుకున్నవారు సార్, మీరూ అలాగే అంటే ఎలాగ?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఒక కాగితం తెచ్చింది. రోగి కోరిక మీద ముందుగా ఆపడమైనది అని అచ్చు వేసి ఉంది. కింద రోగి సంతకం, సహాయకుడి సంతకం. మిషను నడిచిన సమయం అనే గడిలో ఆమె ఏదో రాసింది. నేను చదవకుండా సంతకం పెట్టాను. బస్సు అందింది, మీటింగూ అందింది.

ఆ తరువాత అది అలవాటైపోయింది. వారానికి రెండుసార్లైనా కాగితం వచ్చేది. ఒక్కోసారి లాప్‌టాప్ ఒళ్ళో నుంచి దించకుండానే సంతకం పెట్టేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నా సాఫ్ట్‌వేర్ ముక్కకి పరీక్షలు పూర్తయ్యాయి. ఆక్సిజన్ పీల్చడం మొదలవగానే ఆ సమయాన్ని గుర్తు పెట్టుకోవడం, ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేయడం, వచ్చినదాన్ని కావలసిన నిమిషాలతో పోల్చి చూడడం. లెక్క మొత్తం మూడు లైన్లు. రాసిందీ నేనే, దానికి పరీక్షలు రాసిందీ నేనే. మాస్కు తీసేస్తే అలారం మోగాలి అని ఒక పరీక్ష. మోగింది. మళ్ళీ పెట్టుకుంటే అలారం ఆగాలి అని ఇంకొకటి. ఆగింది. అన్నిటికీ పక్కన పచ్చ గుర్తు పడింది. డయాలసిస్ కేంద్రం వరండాలో కూర్చునే రిపోర్టు కింద నా పేరు పెట్టి పంపించాను. ఆ రోజు బావ కాగితం మీద కూడా సంతకం పెట్టినట్టు తరువాత ఫైలు చూస్తే తెలిసింది.

బావ ఒళ్ళు నెమ్మదిగా చెడింది. చీలమండలు ఉబ్బాయి. వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. మందస రోడ్డు మీద బస్సు దిగి, తోటలోంచి ఇంటికి వెళ్ళే దారిలో ఒక పాత జీడిచెట్టు ఉంది. దాని కొమ్మ ఒకటి నేలబారుగా, మనిషి కూర్చునేంత ఎత్తులో పెరిగింది. పూర్వం పిల్లలు దాని మీద ఊగేవారు. ఇప్పుడు బావ దాని మీద కూర్చుని ఊపిరి తీసుకుని గాని ముందుకు వెళ్ళలేకపోతున్నాడని అక్క ఫోన్లో చెప్పింది.

డాక్టరుకి చూపించాం. ఆయన కాళ్ళు చూసి, బరువు చూసి అడిగాడు. "నాలుగు గంటలూ పూర్తిగా చేయించుకుంటున్నారా?"

"సేయించుకుంటన్నానండి," అన్నాడు బావ.

"అవునండి," అన్నాను నేను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా నేను కళ్ళారా చూస్తున్నాను కదా.

అయితే నీళ్ళు ఎక్కువ తాగుతున్నట్టున్నారు, తగ్గించండి అన్నాడు డాక్టరు. బావ తల వంచుకున్నాడు. బయటికి వచ్చాక నేను అక్కకి ఫోన్ చేసి కొంచెం గట్టిగానే చెప్పాను. నువ్వు చూసీ చూడనట్టు పోస్తున్నావు, అందుకే ఇలా అయింది అన్నాను. అక్క లీటరు సీసా తీసేసి ముప్పావు లీటరుది పెట్టింది. ఆ తరువాత నేను వెళ్ళినప్పుడు బావ తడి తువ్వాలు పెదాలకి అద్దుకుంటూ కూర్చున్నాడు. బయట ఎండ కాల్చేస్తోంది. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందు నుంచి పోదు.

ఒక ఆదివారం పొద్దున్న అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మీ బావకి ఊపిరి అందటం నేదురా. పడుకోనేకపోతన్నాడు. తెల్లారగట్ల నుంచి కూకునే ఉన్నాడు. బేగి రా."

నేను సగం దారిలో ఉండగానే అంబులెన్సు ఎదురొచ్చింది. వెనక్కి తిరిగి దాని వెంటే వచ్చాను. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. వెంటనే మిషను ఎక్కించారు. సెలవు రోజైనా ఆ కోటబొమ్మాళి అమ్మాయే వచ్చింది. ఈసారి నన్ను లోపలికి రానిచ్చి, "చెయ్యి వంచకుండా పట్టుకోండి సార్," అంది. కుర్చీ లేదు. మంచానికీ మిషనుకీ మధ్య నిలబడి ఆయన ముంజేయి పట్టుకున్నాను. ఆయన ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు. నాకు భయమేసింది. బావ చచ్చిపోతాడేమో అని ఆ మాటల్లోనే అనుకున్నాను.

కొంతసేపటికి అలారం మోగింది. పంపు ఆగింది. మిషను తెర నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. మిగిలిన సమయం మూడు గంటల పన్నెండు నిమిషాలు అని ఉంది. ఆమె పక్క మంచం దగ్గర ఉంది, వస్తున్నా అంది. నేను తెర చూస్తూ ఉన్నాను. అంకె కదలలేదు. తలెత్తి గోడ గడియారం చూశాను. దాని ఎర్ర ముల్లు తిరుగుతోంది. మళ్ళీ తెర చూశాను. అదే మూడు గంటల పన్నెండు. ఇన్ని నెలల్లో ఆ రెండిటినీ ఒకదాని వెంట ఒకటి చూడటం అదే మొదటిసారి.

ఆమె వచ్చి గొట్టం సరిచేసి మీట నొక్కింది. అంకె కదిలింది.

"ఇది ఆగినప్పుడు టైము కూడా ఆగిపోతుందా?" అని అడిగాను.

"రక్తం తిరగనప్పుడు టైము మాత్రం ఎందుకు తిరుగుతుంది సార్?" అంది. తరువాత నా ముఖం చూసి కాస్త మెత్తబడింది. "రోజూ చెప్తూనే ఉన్నాను కదా, ఇంకా ఉంది ఉందని. కాగితం మీద రాస్తున్నాను కూడా."

బావ కుదుటపడ్డాక ఆమె ఫైలు తెచ్చి ఇచ్చింది. ఒక్కొక్క కాగితం తిరగేశాను. మిషను నడిచిన సమయం అనే గడిలో మూడున్నర గంటలు, మూడుంబావు, మళ్ళీ మూడున్నర. నాలుగు అని ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాలుగు నిండని ప్రతి కాగితం కిందా రెండు సంతకాలు. బావది వంకరటింకరగా, నాది గుండ్రంగా. ఆయన ఎడమచేతిలో సూది ఉంది కాబట్టి కాగితం జారిపోకుండా నేనే పట్టుకునేవాణ్ణి.

ఒక విషయం రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. అవి చదువుతుంటే నాకు ముందు గుర్తొచ్చింది బావ కాదు, నా కోడ్. ఇప్పటి సమయంలోంచి మొదలైన సమయం తీసేయడం. మాస్కు ఊడితే అలారం మోగుతుంది, సరే. అది మోగుతున్నంతసేపూ నా లెక్క ఆగదు. మాస్కు లేకుండా మామూలు గాలి పీల్చిన నిమిషాలు కూడా ఆక్సిజన్ పీల్చిన నిమిషాల్లో కలిసిపోతాయి. సమయం అయిపోయింది, ఒత్తిడి తగ్గించవచ్చు అని నా సాఫ్ట్‌వేర్ చెబుతుంది. లోపలి మనిషి నెత్తుట్లో నైట్రోజన్ మిగిలే ఉంటుంది. నేను గోడ గడియారాన్ని తీసుకెళ్ళి ఎయిర్‌లాక్‌లో తగిలించాను. "అప్పుడు?" అని బావ అరుగు మీద అడిగింది ఇదే.

సోమవారం పొద్దున్నే రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. మీటింగ్ పెట్టారు. సరిచేయడం ఒక పూట పని అనుకున్నాను గాని, ముడి విప్పుతుంటే ఇంకో ముడి వచ్చింది. ఆక్సిజన్ సరిగ్గా వెళుతున్నప్పుడే నిమిషాలు కలపాలి, బాగానే ఉంది. మనిషి తల తిప్పితే ఆక్సిజన్ ప్రవాహం కొలిచే సెన్సర్ ఒక క్షణం సున్నా చూపిస్తుంది. దానికి కూడా లెక్క ఆపితే ఆ మనిషి సావిడి దాటి బయటికి పోలేడు. ఎంతసేపటిని తల తిప్పడం అనాలి, ఎంతసేపటిని మాస్కు ఊడటం అనాలి? ఈ సాఫ్ట్‌వేర్ నడిచే కంట్రోలర్ ఆగిపోయి మళ్ళీ మొదలైతే అప్పటిదాకా లెక్కపెట్టినవి ఎక్కడుంటాయి? సెన్సర్ పాత విలువనే పదేపదే పంపుతుంటే అది పాతదని ఎలా తెలుస్తుంది? వీటిలో ఒక్కటి కూడా నేను అంతకుముందు అడుక్కోలేదు. చివరికి, అనుమానం వచ్చిన ప్రతి చోటా తక్కువే లెక్కపెట్టాలి అని ఒక నియమం రాసుకున్నాం. ఇంకో నియమం మా రివ్యూ చేసే పెద్దావిడ చేర్పించింది. మాస్కు ఊడిన నిమిషాలని కలపకపోవడం ఒక్కటే చాలదు, ఆ మధ్యలో నైట్రోజన్ మళ్ళీ ఒంట్లోకి చేరుతుంది కాబట్టి పోయినదానికి రెట్టింపు సేపు కూర్చోబెట్టాలి అంది.

"బాగా పట్టుకున్నావు. ఎలా తట్టింది?" అని కూడా అడిగింది.

"మళ్ళీ ఒకసారి చదివానండి," అన్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

అక్కకి చెప్పడానికి మాత్రం మంగళవారం ఊరు వెళ్ళాను. ఫోన్లో చెప్పే ధైర్యం లేకపోయింది. బావ లోపల నిద్రపోతున్నాడు, ఆమె పెరట్లో పిక్కలు ఆరబోస్తోంది. నిలబడే అంతా చెప్పాను. అలారం మోగినప్పుడల్లా ఆగిన నిమిషాలు, గోడ గడియారం, నా సంతకాలు. ఆమె చేత్తో పిక్కలు పరుస్తూనే వింది.

"అయితే తప్పు నీల్లది కాదన్నమాట," అంది చివరికి.

"కాదక్కా."

వంటింట్లోకి వెళ్ళి లీటరు సీసా తెచ్చి కడిగింది. చాలాసేపు కడిగింది. తరువాత, తోటలోంచి తను ఇకమీదట పక్కతోట వాళ్ళతో ఎండ ఉండగానే వచ్చేస్తానని, నాలుగూ నలభై బస్సు ఊసెత్తొద్దని బావకి చెప్పమంది. "నానున్నాను గదాని ఆయనకి తొందర. నాకోసం ఎవులూ పరిగెట్టక్కర్నేదు."

ఆదివారం చేశారు కాబట్టి సోమవారం వద్దన్నారు, బుధవారం బావని మళ్ళీ బండి మీద తీసుకెళ్ళాను. కాస్త చిక్కాడు. దారిలో ఆయనకి కూడా అంతా చెప్పాను. వింటున్నాడో లేదో తెలియలేదు. పన్నెండున్నరకి మంచమెక్కాడు. మిషను అయిదుసార్లు మోగింది. నాలుగున్నర అయింది. నేను అద్దం ఇవతల నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన తల గోడ వైపు తిరిగింది. తరువాత టెక్నీషియన్ అమ్మాయిని పిలిచాడు. ఆమె కాగితం తీసుకుని వరండాలోకి వచ్చి నా ముందు నిలబడింది.

నేను లోపలికి వెళ్ళాను.

"పెట్టు సంతకం," అన్నాడు బావ.

"పెట్టను."

"బస్సెలిపోతాదిరా."

"పోనీ. నేను దింపుతాను."

"నీకు మీటింగున్నాది గదా?"

"లేదు."

ఉంది. ఆయనకీ తెలుసు. "నా ఒల్లు, నా ఇష్టం. నువ్వెవుడివి నాకు సెప్పడానికి?" అన్నాడు గట్టిగా. పక్క మంచాల వాళ్ళు చూశారు. పాతికేళ్ళుగా నాకు తెలిసిన బావలా లేడు ఆయన. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన ముఖం అవతలికి తిప్పుకున్నాడు. బస్టాండు వైపు వెళ్ళే బస్సు హారన్ వినబడింది. మిషను తెర మీద ఇంకా ఇరవై ఆరు నిమిషాలుంది. ఆ ఇరవై ఆరు నిమిషాలూ నేను అక్కడే నిలబడ్డాను. ఆయన ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. అంకె సున్నాకి వచ్చాక ఆ అమ్మాయి సూదులు తీసి, దూది అదిమి, "ఇవాళ నిండా నాలుగ్గంటలు బాబాయ్," అంది.

బండెక్కించుకుని బయల్దేరాను. హైవే మీద లారీలు దాటుకుని మందస రోడ్డు పట్టేదాకా, ఆ తరువాత తోటల మధ్యకి వచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. జేబులో ఫోన్ రెండుసార్లు కదిలింది. తీయలేదు. సముద్రం గాలి తగలడం మొదలైంది. ఎండ ఇంకా ఉంది. ఈ మనిషి ఇక నాతో మాట్లాడడేమో అనుకున్నాను. మాట్లాడకపోయినా ఫరవాలేదు అనుకోవడానికి ప్రయత్నించాను గాని నా వల్ల కాలేదు.

తోట మొదట్లో దిగాడు. సంచీ తీసుకుని ముందు నడిచాడు. నేను బండి స్టాండు వేసి వెనకాలే వెళ్ళాను. పాత జీడిచెట్టు వచ్చింది. ఆ కొమ్మ దగ్గర ఆగుతాడని నేనూ నడక తగ్గించాను. ఆయన దాన్ని చేత్తో తాకి, ఆగకుండా దాటి వెళ్ళిపోయాడు. అరుగు దాకా అదే నడక. అక్క అప్పటికే ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది.

బావ అరుగెక్కి నా వైపు తిరిగాడు. మామూలుగానే ఊపిరి తీస్తున్నాడు.

"బామ్మర్దీ," అన్నాడు, "శుక్రవారం కూడా నాను అడుగుతాను. తిడతాను. సంతకం పెట్టకు, ఏం?"